క్షీణత గమనించబడినది

బావగారు బిస్కెట్టును మళ్ళీ టీలో ముంచాడు. అది నాని, తెగి, కప్పులో పడబోయే ముందు క్షణం ఆయనకు బాగా తెలుసు. సరిగ్గా అప్పుడు పైకి తీసి, మెడ ముందుకు చాచి, పెదవులతో అందుకుని లోపలికి జుర్రుకుంటాడు. పక్క కుర్చీలో కూర్చున్న అతనికి ఆ చప్పుడు పెళ్ళినాటి నుంచీ పరిచయమే. భార్యకు స్వయానా అన్నయ్య కాబట్టి మంచికీ చెడ్డకీ పక్కపక్కనే కూర్చుని తినవలసి వచ్చింది, ఇన్నేళ్ళూ విన్నాడు, కానీ ఇంట్లో వినడం వేరు, ఇక్కడ వినడం వేరు. ఇక్కడ ఈయన బావగారు కాదు, నేల, నీరు శాఖకు పెద్ద, ఎదురుగా తెర పక్కన నిలబడి తన థీసిస్ వినిపిస్తున్న అమ్మాయికి గైడు. తను చెల్లెలి మొగుడు కాదు, భాషా పరీక్షకుడు, అడవులూ గనులూ చెరువులూ చేపలూ చదివే పిల్లలకు నివేదికలు రాయడం, వ్యాసాలు రాయడం, చివరికి ఈ థీసిస్ అనేది రాయడం నేర్పే మాస్టారు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పొడిగించే చెయ్యి ఇదిగో ఇదే, బిస్కెట్టు పొడి అంటుకుని, వేళ్ళ మీద టీ కారుతూ. గదిలో కొత్త రంగు వాసన, దాని కింద పక్క గది సీసాల్లో చేపలను ఊరబెట్టిన మందు వాసన, ఆ రెండిటి మీద ఇప్పుడు నానిన బిస్కెట్టు వాసన. ఒడిలో ఆ అమ్మాయి థీసిస్ తెరిచి ఉంది, నల్లటి అట్ట, బంగారు అక్షరాలు, జిగురు ఇంకా ఆరలేదు. చివరి అధ్యాయం. వేలు ఆ వాక్యం కిందే ఉంది. తీయాలంటే తీయగలడు, తీయడం లేదు, పిప్పి పన్ను మీదికి నాలుక పోయినట్టు కళ్ళు అక్కడికే పోతున్నాయి. నత్తల సంఖ్యలో క్షీణత గమనించబడినది.

గమనించబడినది. ఎవరి చేత, ఎక్కడ కూర్చుని, ఏ కళ్ళతో. ఇలా చివర బడు తగిలించిన మాట చూస్తే అతనికి నూనె గిన్నెలో తేలిన వెంట్రుక చూసినట్టుంటుంది, ఎప్పుడూ అంతే, అందుకే పిల్లలు వెనకాల బడు మాస్టారు అంటారు, ముందు అనరు, కానీ బల్ల మీద ఎవరో చెక్కి పెట్టారు, అతను చూశాడు, చూసి చెరపలేదు. ఏటా కొత్త పిల్లలు వస్తారు, ఏటా మొదటి వారం తలా ఒక పేజీ రాసిస్తారు, ఏటా అదే పేజీ. నీరు ఒక అమూల్యమైన వనరు. అడవి ఒక అమూల్యమైన వనరు. ఒకడు దోమల మీద రాస్తూ దోమ ఒక అమూల్యమైన అని మొదలుపెట్టి, ఏమనుకున్నాడో కొట్టేశాడు. వనరు. ఆ మాట మీద కూడా అతనికి ఏవగింపే. చెట్టును వనరు అన్నాక ఇక దాన్ని నరకడమే తరువాయి, చేపను వనరు అన్నాక వల తేవడమే. ఆఫీసులో ఒక గుమ్మం మీద మానవ వనరుల విభాగం అని బోర్డు ఉంది, అక్కడికి ఏటా పొడిగింపు కాగితం కోసం వెళ్ళి నిలబడతాడు, నిలబడినప్పుడల్లా ఎవరో తనను చెట్టు మానులా కొలుస్తున్నట్టుంటుంది. ఎంత కలప వస్తుంది. ఇంకా ఎన్నేళ్ళు వస్తుంది. తెర మీద పటం మారింది, కాలువ పటం, నీలం గీత, దాని మీద ఎర్ర చుక్కలు. అమ్మాయి గొంతు ఇంకా సర్దుకోలేదు. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, వింటున్నాడని అనుకోవాలి, గురక రానంతవరకూ వింటున్నట్టే.

నత్తలమ్మాయి. ఆ పేరు తోటి పిల్లలు పెట్టారు, ఆమె పట్టించుకోలేదు. మొదటి రోజు క్లాసులో అతను ఎప్పటిలాగే సుద్దముక్క చేతిలోంచి వదిలేశాడు, అది నేల మీద రెండు ముక్కలైంది, ఇప్పుడేం జరిగిందో ఒక్క వాక్యంలో రాయండి అన్నాడు. అందరూ రాశారు, సుద్దముక్క పడింది, సుద్దముక్క విరిగింది, తెలివైనవాళ్ళు సుద్దముక్క పడవేయబడింది అని కూడా రాశారు, ఆ రాసినవాళ్ళు మార్కుల కోసం అతని మొహంలోకి చూశారు. చివరి బెంచీలో గొడుగు ఒళ్ళో పెట్టుకు కూర్చున్న పిల్ల మాత్రం, మాస్టారు సుద్దముక్క పడేశారు, కావాలనే, అని రాసింది. ఆ కావాలనే చూసి అతను చాలాసేపు నవ్వుకున్నాడు, ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు, భార్య కూర కలుపుతూ, ఆ పిల్ల బతకడం కష్టం, అంది. తర్వాత ఆ పిల్ల కూడా పాడైంది, ఏం చెయ్యాలి, అందరూ పాడవుతారు. రెండో ఏడుకల్లా ఆమె కూడా సేకరించబడినవి, లెక్కించబడినవి, విశ్లేషించబడినవి అని రాయడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే, పెద్దవాళ్ళందరూ అలాగే రాస్తున్నారు సార్, నేను లెక్కపెట్టాను అంటే నేనెవరిని అని అడుగుతారేమోనని, అంది. అప్పుడు ఆమెతో పాటు కాలువ దగ్గరికి వెళ్ళాడు. అదే తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు. లెక్కపెట్టేది ఎవరో నేను చూస్తాను పద అన్నాడు.

వాసన ముందు వచ్చింది, కాలువ తరవాత వచ్చింది. కుళ్ళిన గుడ్డు కాదు, కాలిన జుట్టు కాదు, రెండూ కలిసి ఏదో తీపి కలిపినట్టు, ఆ తీపి అన్నిటికంటే అసహ్యం. నీళ్ళు ఆ రోజు వంకాయ రంగులో ఉన్నాయి. పైన అద్దకం కర్మాగారంలో ఏ రంగు గుడ్డ అద్దితే కింద ఆ రంగు నీళ్ళు, గట్టు మీది ఇళ్ళవాళ్ళు రంగు చూసి వచ్చే నెల కొట్లలో ఏ చీరలొస్తాయో చెబుతారట, ఆమె నవ్వుతూ చెప్పింది. అతను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గట్టు మీదే నిలబడ్డాడు. ఆమె ముక్కు మూసుకోలేదు, రెండు చేతులూ పనిలో ఉన్నాయి మరి, మోకాళ్ళ దాకా దిగి, చెక్క చట్రాన్ని బురదలో అదిమి, దాని లోపలి బురదంతా దోసిళ్ళతో జల్లెడలోకి ఎత్తి కడిగింది. జల్లెడలో మిగిలినవి నత్తలు. కాదు, నత్తల గుల్లలు. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో తిప్పి చూసింది, ఖాళీ, ఖాళీ, ఇది కూడా ఖాళీ. ఒకదానిలో మాత్రం ఏదో మెత్తగా ఉంది, అది కరిగిపోయి వేలికి జిగురులా అంటుకుంది, ఆమె దాన్ని ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ వంగింది. అతను మొహం తిప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మూడు వర్షాకాలాలు చూసిందా పిల్ల, కర్మాగారానికి ఎగువన నత్తలు కుప్పలు, దిగువన గుల్లలు, మధ్యలో ఒక గొట్టం. ఆ గొట్టాన్ని కూడా ఫొటో తీసింది. ఇప్పుడు తెర మీద ఆ ఫొటో వస్తుందేమోనని చూస్తున్నాడు. రాలేదు. కాలువ గట్టున పూసిన పసుప్పచ్చ పూల ఫొటో వచ్చింది.

కాలువకు వెళ్ళివచ్చిన వారానికి ఆమె ఒక వాక్యం రాసి తెచ్చింది. అద్దకం కర్మాగారం కాలువలోకి వదిలిన నీళ్ళు నత్తలను చంపాయి. అంతే. తలుపు మూసి, కుర్చీ లాక్కుని, ఇద్దరూ ఆ వాక్యాన్ని ఏదో బతికున్న జంతువును చూసినట్టు చూశారు. అందులో తీసెయ్యడానికి ఏమీ లేదు, చేర్చడానికీ ఏమీ లేదు. చంపాయి అనొచ్చా సార్, అని అడిగింది. నీ లెక్కలు ఏమంటున్నాయి, అన్నాడు. చంపాయనే అంటున్నాయి, అంది. అయితే నువ్వెందుకు గొణగడం, అన్నాడు. అంత సులువుగా అనేశాడు. చెప్పేవాడికి ఏం పోయింది. నిన్న సాయంత్రం బావగారు ఫోన్ చేసి, పిల్లలూ వాళ్ళ చదువులూ అన్నీ అడిగి, చివర్లో మామూలుగా, ఏదో మిరియాలు చల్లినట్టు, రేపు కొంచెం చూసీ చూడనట్టు పోనివ్వు బావా, కొత్త ప్రయోగశాల ఆ అద్దకంవాళ్ళ డబ్బుతోనే కదా లేచింది, అన్నాడు. అది అతనికి తెలియదా. ఈ గది గోడల మీద ఆరని రంగు కూడా వాళ్ళదే. ఏం పోనివ్వాలో అప్పుడు అర్థం కాలేదు, పొద్దున అట్టవేసిన పుస్తకం చేతికొచ్చాక అర్థమైంది. వాక్యం పోయింది. దాని చోట ఇది వచ్చి కూర్చుంది, గమనించబడినది, లావుగా, తడిగా, తిన్నాక మూతి తుడుచుకోనివాడిలా.

ఇదంతా బడు తప్పేనా. ఇన్నేళ్ళూ దాని మీదే పడి, దాన్నే వేటాడి, ఎర్ర సిరా అంతా దానికే పోసి, ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే, బావగారి నాలుక పళ్ళ సందుల్లో వెతుక్కుంటున్న చప్పుడు వింటుంటే, తెలుస్తోంది అది పరాయి దొంగ, పట్టుకోవడం తేలిక. ఇంటి దొంగ వేరే ఉన్నాడు. నత్తలు చచ్చిపోయాయి అని రాసినా సరిపోయేది, ఎంత చక్కటి తెలుగు, ఎవరూ తప్పు పట్టరు, పాలు విరిగాయి, అద్దం పగిలింది, గుడ్డ చిరిగింది, తాడు తెగింది, అన్నీ వాటంతటవే. చిన్నప్పుడు మేనత్త ఇంట్లో జాడీ పగిలితే ఎవరు పగలగొట్టారని అడిగితే ఇంటిల్లిపాదీ పగిలింది అనేవాళ్ళు, అదేదో జాడీకి వచ్చిన జ్వరం లాగ. బావగారు తన నివేదికలన్నీ ఇంటికే తెస్తాడు, చెల్లెలి మొగుడు ఉన్నాడుగా, చదివి పెట్టు బావా అని సోఫాలో పడేస్తాడు, వంట పూర్తయ్యేలోగా అతను కామాలు సరిచేసి ఇవ్వాలి. గుట్ట తరిగింది. ఊట ఇంకింది. చెరువు పూడింది. కామాలు సరిగ్గానే పెట్టాడు, ప్రతిసారీ. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది, ఒక్కోసారి మాత్రం, అన్నయ్య రాసేవాటిలో మనుషులే ఉండరు కదండీ, అనేది. మనుషులెక్కడ లేరు, తింటూ ఉన్నారు కదా, అని తను హాస్యమాడేవాడు. ఛీ. నోట్లో ఇనుప రుచి. నీళ్ళ సీసా వైపు చెయ్యి చాచి, మూత మీద బిస్కెట్టు తడి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చప్పట్లు. అయిపోయింది. బయటి పరీక్షకుడు కళ్ళు తెరిచి జల్లెడ కన్నాల కొలత అడిగాడు, ఆమె చెప్పింది, ఆయన సంతృప్తిగా తలూపి మళ్ళీ కళ్ళు మూశాడు. ఇక భాషా పరీక్షకుడి వంతు. బావగారు అతని వైపు చూడకుండానే ప్లేటు కొంచెం ఇటు జరిపాడు, తీసుకో అన్నట్టు. అతను లేచాడు. లేవాలని అనుకోలేదు, మోకాళ్ళు లేచాయి, లేచాక ఇక కూర్చోవడానికి లేదు.

"చివరి అధ్యాయం, మొదటి పేరా," అన్నాడు. "నత్తల సంఖ్యలో క్షీణత గమనించబడినది. ఈ వాక్యంలో కర్త ఎవరమ్మా?"

ఆమె గైడు వైపు చూసింది. ఆయన కప్పులోకి చూస్తున్నాడు. ఆమె మళ్ళీ అతని వైపు చూసింది, ఆ చూపులో భయం ఉంటుందనుకున్నాడు, లేదు, ఏదో అలసటా, దాని వెనక ఎప్పటిదో ఒక కొంటెతనం.

"కర్త తీసివేయబడినది సార్," అంది.

గదిలో అందరికీ ఒక్క క్షణంలో అర్థమైంది. వెనక వరసల్లో పిల్లలు ముందు నవ్వారు, ఆ తర్వాత అధ్యాపకులు, ఆ తర్వాత కళ్ళు తెరిచిన పరీక్షకుడు. అతను ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడ్డాడు, ఇప్పుడు ఏదో జరుగుతుంది, ఇంత చెప్పాక ఏదో ఒకటి జరగక తప్పదు. అప్పుడు బావగారు నవ్వాడు. అందరికంటే గట్టిగా, పొట్ట కదిలేలా, బల్ల మీద చరుస్తూ, బిస్కెట్టు ముక్కలు నోట్లోంచి ఎగిరి థీసిస్ పేజీ మీద పడేలా నవ్వాడు. "బాగుందమ్మా, బాగుంది. మా బడు మాస్టారికి తగ్గ శిష్యురాలివి," అన్నాడు. దాంతో అయిపోయింది. అందరికీ తెలిసింది, అందరూ నవ్వారు, ఆ నవ్వులో అంతా మునిగిపోయింది, గుల్లలూ గొట్టమూ వంకాయ రంగు నీళ్ళూ. అబద్ధం చెప్పినా ఇంత రోత పుట్టేది కాదు. తెలిసి నవ్వుతున్నారు. పేజీ మీద పడిన ఎంగిలి ముక్కలను బావగారు చేత్తో పక్కకు తుడిచాడు, అవి అతని వైపుకే వచ్చాయి.

"నేనీ పుస్తకం భాష సరిచూడలేదండీ," అన్నాడు అతను, నవ్వులు తగ్గాక. "చివరి పేజీలో సరిచూసినట్టు నా పేరుంది. తీసెయ్యండి."

"తీసేద్దాం బావా, దానికేముంది," అన్నాడు బావగారు, నోరు తుడుచుకుంటూ. ఆ తర్వాత పెద్ద గొంతుతో, అభ్యర్థి ఉత్తీర్ణురాలైందని ప్రకటించాడు. మళ్ళీ చప్పట్లు.

నడవలోకి వచ్చి కిటికీ దగ్గర నిలబడి గాలి పీల్చుకున్నాడు. చేతులు తేలికగా ఉన్నాయి. ఒక పని చేశాను, కనీసం నా చేతులకు అంటలేదు, అనుకుంటున్నాడు, అనుకుంటుండగానే వెనక అడుగులు. నత్తలమ్మాయి. చేతిలో ఆమె పుస్తకం. అభినందనలు చెప్పబోయాడు.

"నా పుస్తకంలోంచి మీ పేరు తీయించేశారు సార్," అంది.

"ఆ వాక్యం కింద నా పేరు ఉండకూడదమ్మా."

"మార్చింది ఆయనైనా నా పేరుంది కదా సార్." అట్ట తిప్పి చూపించింది, బంగారు అక్షరాలు. "నాకు రాయడం నేర్పింది మీరు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, ఎవరూ నేర్పలేదనా? మీరు లేచి వెళ్ళిపోవచ్చు. నేను ఎక్కడికి పోతాను, ఇది నాది."

ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట నేరుగా వెళ్ళి దిగింది. గట్టు మీద రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డ మనిషి కనిపించాడు అతనికి, శుభ్రమైన బూట్లు, తిప్పుకున్న మొహం. ఆ మనిషికి అన్నీ రోతే. వాసన రోత, వాక్యం రోత, బావగారు తినడం రోత. రోత పడడమే ఒక పని అనుకున్నాడు ఇన్నేళ్ళూ, అది చేస్తే చాలు, ఇక నీళ్ళలోకి దిగనక్కర్లేదు అనుకున్నాడు. ఇప్పుడు పుట్టిన అసహ్యానికి పక్కకు తిరిగి చూడడానికి ఎవరూ లేరు, లోపల తనొక్కడే ఉన్నాడు.

"నేను లోపలికి వెళ్ళి ఆ పేజీలో ఒకటి రాస్తే నీకేమైనా ఇబ్బందా?" అన్నాడు.

ఆమె ఆలోచించింది. "ప్రకటించేశారు కదా సార్. వెనక్కి తీసుకోలేరు. కోపగిస్తారు, అంతే. కోపం చూడనిదాన్నా." పుస్తకం చంకలో పెట్టుకుని, "రాయండి," అంది.

గదిలో బావగారు ఒక్కడే మిగిలాడు, కుర్చీలో వెనక్కి వాలి, ప్లేటులో మిగిలిన పొడిని వేలితో అద్దుకుంటున్నాడు. లైబ్రరీకి వెళ్ళవలసిన ప్రతి బల్ల మీదే ఉంది. అతను దాన్ని దగ్గరకు లాక్కుని, చివరి పేజీ తీసి, నిలబడే రాశాడు. ఈ పరిశోధకురాలు రాసిన వాక్యం ఇది: అద్దకం కర్మాగారం కాలువలోకి వదిలిన నీళ్ళు నత్తలను చంపాయి. ఆ వాక్యాన్ని నేను సరిచూశాను. దాన్ని గైడు మార్చారు. మార్చినదాన్ని నేను సరిచూడలేదు. కింద సంతకం, పేరు, పొడి అక్షరాల్లో కాదు, ఇంటిపేరుతో సహా మొత్తం. సిరా ఆరేదాకా పుస్తకం తెరిచి పట్టుకుని, బావగారి ముందు పెట్టాడు. బావగారు చదివాడు. రెండోసారి చదువుతున్నప్పుడు వేలు ప్లేటులో ఆగిపోయింది.

"పేజీలు చిరుగుతుంటాయి బావా," అన్నాడు, నింపాదిగా. "లైబ్రరీలో మామూలే."

"చిరగవు బావగారూ. చింపుతారు. చింపితే ఎవరు చింపారో నాకు తెలుస్తుంది. నేను అడుగుతాను, అందరిలో అడుగుతాను."

బావగారు అతన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "వచ్చే ఏడు కాగితం నా దగ్గరికే రావాలి, మరిచిపోయావేమో."

"మరిచిపోలేదు."

"మా చెల్లికి ఏం చెబుతావు?"

అతను పుస్తకాన్ని తనే తీసుకుని, మెట్లు దిగి, లైబ్రరీ కిటికీలో ఇచ్చి, అక్కడి గుమస్తా ముద్ర వేసి లోపలి బండి మీద పెట్టేదాకా నిలబడ్డాడు. అమ్మాయి గేటు దాకా వచ్చి, వెళ్ళొస్తాను సార్ అని చెప్పి వెళ్ళిపోయింది. వీధిలో ఎండ, బస్సుల పొగ, ఎవరో అరటి తొక్కలు గుట్టగా పోసిన చోట ఈగలు. నోట్లో ఆ ఇనుప రుచి అలాగే ఉంది, పోతుందనుకున్నాడు, పోలేదు. ఫోన్ తీసి ఇంటికి కలిపాడు.

"ఏమిటండీ ఈ వేళప్పుడు, అయిపోయిందా?" అంది భార్య.

"గొడవైంది," అన్నాడు. అన్నాక ఆ మాట తనకే వినబడింది, ఎంత సాఫీగా జారి వచ్చిందో. ఒక బస్సు పోయేదాకా ఆగాడు. "కాదు. గొడవ కాలేదు. నేను పెట్టుకున్నాను."

"ఎవరితో?"

"మీ అన్నయ్యతో. ఇక మనింటికి రాడేమో. నా ఉద్యోగం కూడా ఉండదేమో."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"ఇన్నేళ్ళకా పెట్టుకున్నారు," అంది.